నోటికొచ్చిన మాటకు పూచీ ఎవరు? తెలుగు జానపద ప్రదర్శనల్లో ఆశుహాస్యం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు జానపద ప్రదర్శనల్లో హాస్యపాత్రధారి మాటలు చాలావరకు అప్పటికప్పుడు పుట్టినవే. ముందుగా రాసుకోని మాటను ప్రదర్శకుడు ఏ ధైర్యంతో పలుకుతాడు, మేళం దాన్ని ఎలా నిలబెడుతుంది, ప్రభుత్వాలు దాన్ని ఏ దృష్టితో చూశాయి అనేవి ఈ వ్యాసంలోని పరిశీలనాంశాలు. బుర్రకథ, తోలుబొమ్మలాట, భామాకలాపం, పిట్టలదొర వేషం, కోయల రేల పాటల నిర్మాణాన్నీ, 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టాన్నీ ఆధారంగా చేసుకొని, ఆశుహాస్యంలోని విశ్వాసానికి మూలం వ్యక్తి ప్రతిభ కంటే మేళం నిర్మాణంలోనే ఎక్కువగా ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1948 వరకు రెండు రాజ్యాల మధ్య సరిహద్దుగా ఉన్న గోదావరి తీరం, ముఖ్యంగా బూర్గంపాడు ప్రాంతం, ఈ చర్చకు భౌగోళిక నేపథ్యం.

కీలకపదాలు: ఆశుహాస్యం, వంత, కేతిగాడు, పిట్టలదొర, రేల పాట, నాటక ప్రదర్శనల చట్టం, బూర్గంపాడు.

1. ఉపోద్ఘాతం

ముందుగా అనుకోకుండా పలికిన మాటకు తెలుగులో రెండు రకాల పేర్లున్నాయి. పద్యమైతే అది ఆశువు. చెప్పినవాడికి సత్కారం, బిరుదు, గండపెండేరం దక్కుతాయి. వచనమైతే అది 'నోటికొచ్చిన మాట'. ఆ మాట అన్నవాడికి పేరు దక్కదు సరికదా, 'నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నాడు' అనడం మనకు తిట్టు కిందనే లెక్క. ఈ రెండు సందర్భాల్లోనూ మనసు చేసే పని ఒక్కటే. తట్టిన ఊహను తూకం వేసే లోపలే దాన్ని పలకాలి. అయినా ఒకటి విద్య అయింది, మరొకటి అల్లరి అయింది. తెలుగు సాహిత్యచరిత్రలో ఆశుకవిత్వం గురించి, అవధానం గురించి ఎంతో పరిశోధన జరిగింది. తోలుబొమ్మల తెర వెనక కేతిగాడి గొంతుతో రాత్రంతా మాట్లాడినవాడి ఆశుశక్తిని గురించి జరిగిన చర్చ దానితో పోలిస్తే చాలా తక్కువ.

ఇటీవలి దశాబ్దాలలో పాశ్చాత్య రంగస్థలం ఈ శక్తిని ఒక శిక్షణగా మలచింది. అమెరికాలో వయోలా స్పోలిన్ ఆటల ద్వారా నటులకు ఆశునటన నేర్పి, 1963లో ఆ పద్ధతిని గ్రంథస్థం చేసింది. ఆమె కుమారుడు పాల్ సిల్స్ భాగస్వామిగా 1959లో షికాగోలో 'సెకండ్ సిటీ' అనే హాస్య నాటకశాల ఏర్పడింది. లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్‌లో పనిచేసిన కీత్ జాన్‌స్టన్ 1979లో 'ఇంప్రో' అనే గ్రంథం వెలువరించాడు. తెలివిగా ఉండాలని తంటాలు పడవద్దు, మొదట తోచినదాన్ని పలుకు, ఎదుటివాడు ఇచ్చినదాన్ని కాదనకుండా అందుకో అన్నది అతని బోధనలోని సారం. అతని దృష్టిలో ఊహ తట్టకపోవడం అరుదు. తట్టిన ఊహను మనమే లోలోపల కొట్టివేసుకోవడం అసలు చిక్కు. ఇది ప్రధానంగా వ్యక్తి మనస్తత్వానికి సంబంధించిన సిద్ధాంతం. చదువు, సభ్యత నేర్పిన భయాన్ని నటుడు వదులుకోవాలని అది కోరుతుంది.

తెలుగు మేళాల అనుభవం దీనికి కొంత భిన్నమైన సమాధానం ఇస్తుంది. ఇక్కడ ప్రదర్శకుణ్ణి ఎవరూ 'నీ ఊహను నమ్ము' అని బోధించలేదు. తప్పు పలికినా పడిపోకుండా పట్టుకొనే ఏర్పాటును ప్రదర్శన రూపంలోనే పెట్టారు. ఆ ఏర్పాటును ఈ వ్యాసంలో 'పూచీ' అని వ్యవహరిస్తున్నాను.

బూర్గంపాడు ప్రాంతాన్ని నేపథ్యంగా ఎన్నుకోవడానికి చారిత్రక కారణం ఉంది. కిన్నెరసాని గోదావరిలో కలిసే ఈ తీరం నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లాకు చెందినది. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం నుంచి బ్రిటిష్‌వారి పరమైంది, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలో చేరింది. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడగా, భద్రాచలం డివిజన్ తూర్పు గోదావరి నుంచి విడివడి అందులో చేరింది 1959లో. భద్రాచలానికీ సారపాకకూ మధ్య వంతెన 1965లో వచ్చింది. అంతకుముందు పడవే దారి. ఒక ఒడ్డున ఒక రాజ్యం, మరో ఒడ్డున మరో రాజ్యం. ఊరూరా తిరిగి ఆడే కళాకారుడికి ఇలాంటి సరిహద్దు ఏమిటో నాలుగో విభాగంలో తెలుస్తుంది.

2. లాక్షణికులు గుర్తించినది

ఆశుహాస్యం శాస్త్రానికి తెలియని విషయం కాదు. నాట్యశాస్త్రం పూర్వరంగంలో 'త్రిగతం' అనే అంగాన్ని చెప్పింది. సూత్రధారుడు, పారిపార్శ్వికుడు మాట్లాడుకుంటూ ఉండగా విదూషకుడు చొరబడి పొంతనలేని మాటలతో సూత్రధారుణ్ణి నవ్విస్తాడు. వీథి అనే రూపకానికి చెప్పిన 13 అంగాలలో వాక్కేళి, అసత్ప్రలాపం, గండం వంటివి కూడా మాటకు మాట అడ్డుపడే తీరుకు పెట్టిన పేర్లే. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ హాస్యం ఏకపాత్రలో పుట్టదు. నవ్వించేవాడు, నవ్వేవాడు, మధ్యలో సర్దేవాడు అని కనీసం ముగ్గురు కావాలి. కేరళలో చాక్యార్ కూత్తు మాత్రం ఒక్కడితోనే నడుస్తుంది. అక్కడ మూడో మనిషి స్థానం ప్రేక్షకుడిది. ఎదుట కూర్చున్నవారిని, వారు ఎంతటివారైనా, ఎత్తిపొడిచే హక్కు చాక్యార్‌కు సంప్రదాయం ఇచ్చింది.

తెలుగు అవధానంలోని 'అప్రస్తుత ప్రసంగం' ఈ వరుసలోనిదే. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి మధ్య పృచ్ఛకుడు ఒకడు అసందర్భ ప్రశ్నలతో అవధాని ఏకాగ్రతను చెదరగొట్టాలి. అవధాని ఆలోచించకుండా, నవ్వు పుట్టేలా బదులివ్వాలి. తిరుపతి వేంకటకవుల కాలం నుంచి అవధానం పెద్ద సభలకు ఎక్కింది. సామాన్య ప్రేక్షకుడు ఆ సభ నుంచి ఇంటికి మోసుకుపోయేది చాలాసార్లు ఈ అప్రస్తుతాన్నే. అయినా అవధాన సంపుటాలలో పద్యాలు అచ్చయినంత శ్రద్ధగా అప్రస్తుత ప్రసంగాలు అచ్చు కాలేదు. పద్యాన్ని ఛందస్సు కాపాడింది. గణం, యతి, ప్రాస అనే మూడు పట్టుకొమ్మలు కవి తడబడినప్పుడు అతన్ని నిలబెట్టాయి, విన్నవాడికి జ్ఞాపకం ఉంచుకోవడానికీ అక్కరకొచ్చాయి. అంటే ఆశుపద్యానికి పూచీ ఛందస్సు. మరి ఛందస్సు లేని మాటకు?

3. వంత అనే పూచీ

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ తంబుర పట్టిన కథకుడు, అతనికి ఇరువైపులా డక్కీలతో వంతలు. ఒకరు రాజకీయం చెబుతారు, మరొకరు హాస్యం. కథకుడు పాడిన చరణానికి వంతలు 'తందాన తాన' పలుకుతారు. ఈ పల్లవి పని గానాన్ని నిండుగా చేయడంతో ముగియదు. అది కథకుడికి ఊపిరి ఇస్తుంది, అంతకంటే ముఖ్యంగా వ్యవధి ఇస్తుంది. రెండు తాళావర్తాల కాలంలో తరువాతి మాట కూడదీసుకోవచ్చు. హాస్యపు వంతకు ఇదే సమయం మరోలా ఉపయోగపడుతుంది. అతని నోరు పల్లవి పలుకుతూంటే కన్ను ప్రేక్షకుల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఆలస్యంగా వచ్చి ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి, నిద్రపోతున్న మనవడు, అప్పుడే మొరిగిన కుక్క, వీటిలో ఏదైనా తరువాతి వచనంలోకి రావచ్చు.

ఈ పని జరిగే తీరుకు ఒక కల్పిత ఉదాహరణ చూద్దాం. పదివేల సైన్యం కోటను చుట్టుముట్టిందని కథకుడు వీరావేశంతో చెప్పాడనుకుందాం. హాస్యపు వంత మెల్లగా 'అన్నా, పదివేలమందికి వంట ఎవరు చేసినట్టు?' అంటాడు. కథకుడికి ఇక్కడ రెండు దారులున్నాయి. 'నోర్మూసుకో' అని కథలోకి వెళ్ళిపోవడం ఒకటి. ప్రేక్షకులు నవ్వుతారు గానీ ఆ ఊహ అక్కడితో చచ్చిపోతుంది. రెండోది ప్రశ్నను అందుకోవడం. 'ఎవరు చేస్తారురా, ఊళ్ళమీద పడి దోచుకున్నారు' అంటే రాజకీయపు వంతకు చోటు దొరుకుతుంది, దోపిడీ ఎవరు చేస్తారో, ఎందుకు చేస్తారో అతను చెబుతాడు. వంట గురించిన వెకిలి ప్రశ్న కథలోని యుద్ధానికి అర్థం చెప్పే ప్రశ్నగా మారుతుంది. అలా మారుతుందని అడిగినవాడికి ముందుగా తెలియనక్కర లేదు. తన మాటను పక్కవాడు కింద పడనివ్వడని తెలిస్తే చాలు.

జాన్‌స్టన్ నటుడికి 'అందుకో' అని నియమంగా బోధించినదాన్ని బుర్రకథ మూడు పాత్రల అమరికగా స్థిరపరచిందని చెప్పవచ్చు. ఇందులోని తేడా చిన్నది కాదు. నియమాన్ని నటుడు ప్రతిరోజూ గుర్తుంచుకోవాలి. అమరికను గుర్తుంచుకోనక్కర లేదు, అందులో నిలబడితే చాలు.

భామాకలాపంలో మాధవి పాత్ర ఇంకో రకమైన పూచీ. సత్యభామ చేత భర్త పేరు చెప్పించే ఘట్టంలో మాధవి వేసే కొంటె ప్రశ్నలకు ఇంతని హద్దు లేదు. దరువులు, పద్యాలు స్థిరంగా ఉంటాయి. వాటి నడుమ వచనం ఎంత సాగినా మళ్ళీ దరువు దగ్గరికి చేరక తప్పదు. ఒడ్డు తెలిసినవాడు లోతులో ఈదినట్టు, మాధవి వేషధారి దరువు ఎక్కడుందో ఎరిగి మాటతో దూరం వెళతాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు రామాయణ యుద్ధం మధ్యలోనూ వస్తారు. వారి వాదులాటలోకి ఆ ఊరి తగవులు, ధరలు, బూతులు అన్నీ చేరతాయి. ఇక్కడ పలికేవాడు తెర వెనక ఉన్నాడు, ప్రేక్షకుడికి కనిపించేది బొమ్మ. ఏదైనా పెద్దమనిషికి కోపం వస్తే ఆ మాట అన్నది కేతిగాడు. బొమ్మ మీద కేసు పెట్టినవాడు లేడు గదా! చిందు భాగవతంలో బుడ్డర్‌ఖాన్ వేషానికి కూడా ఈ రక్షణ కొంతవరకు ఉంది. వేషం వింతగా ఉన్నకొద్దీ మాటకు స్వేచ్ఛ పెరుగుతుంది.

తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర, తుపాకిరాముడు, లత్కోరుసాబు అనే పేర్లతో తిరిగే వేషధారి ఈ వరుసలో ప్రత్యేకంగా నిలుస్తాడు. అతనికి మేళం లేదు, వంత లేదు. ఖాకీ దుస్తులు, టోపీ, కట్టెతుపాకి, నోటినిండా కోతలు, అంతే అతని సామగ్రి. దొరతనాన్ని వెక్కిరించే ఈ వేషం ఒంటరిగా ఊళ్ళోకి వస్తుంది. అయితే అతని కోతలను పరిశీలిస్తే వంత లేని లోటును అతను ఎలా పూడ్చుకుంటాడో అర్థమవుతుంది. ప్రతి కోత ముందరి కోతను మించాలి అన్నదే అతని వ్యాకరణం. ముందు మాటే తరువాతి మాటకు వంత. ఏనుగును చంపానని చెబితే ఇప్పుడు దాన్ని మోయాలి, మోయడానికి చీమను పిలవాలి. అబద్ధం ఒకటి మొదలైతే దాని తర్కం అదే నడుస్తుంది. ఇక్కడ ఊహను ఎంచుకొనే పని వేషధారికి దాదాపు లేదు. అందువల్లే అతను అంత వేగంగా మాట్లాడగలడు.

గోదావరికి ఇరువైపులా కోయల రేల పాటలో ఇదే సూత్రం స్త్రీల నోట మరో రూపంలో కనిపిస్తుంది. ముందు పాడే స్త్రీ ఒక పంక్తి అందిస్తే మిగిలినవారు చేతులు కలుపుకొని అడుగులు వేస్తూ రేల పల్లవితో దాన్ని అందుకుంటారు. పల్లవి తిరిగి వచ్చేలోపు తరువాతి పంక్తి తయారవుతుంది. విత్తనాలకు ముందు జరిగే భూమి పండుగ రోజుల్లో భద్రాచలం ఏజెన్సీ దారులపై స్త్రీలు వాహనాలను ఆపి, పాడి ఆడి, పండుగ కోసం డబ్బు అడగడం ఈనాటికీ ఉన్న ఆచారం. ఎదుట నిలిచిన బాటసారిని బట్టి పంక్తి మారడానికి ఈ నిర్మాణంలో చోటుంది. ముందు పాడే స్త్రీకి పంక్తి తట్టకపోతే? పల్లవి ఇంకోసారి తిరుగుతుంది. ఆ తడబాటు ప్రేక్షకుడికి ఆట కింద కనిపిస్తుందే తప్ప వైఫల్యం కింద కనిపించదు.

మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్‌ల మౌఖిక సూత్ర సిద్ధాంతం ఇక్కడ కొంతమేరకు పనికివస్తుంది. 1960లో వెలువడిన లార్డ్ గ్రంథం తరువాత, మౌఖిక కవి కంఠస్థం చేసిన పాఠాన్ని అప్పజెప్పడం లేదనీ, సిద్ధంగా ఉన్న పదబంధాలతో ప్రతిసారీ కొత్తగా కూర్చుతాడనీ పరిశోధకులు ఒప్పుకుంటున్నారు. వీరగాథకు ఇది సరిపోతుంది. హాస్యానికి సగమే సరిపోతుంది. వీరగాథలో సూత్రం వచ్చినప్పుడు శ్రోతకు తృప్తి కలుగుతుంది. హాస్యంలో సూత్రం వస్తుందనుకున్న చోట అది రాకపోవడమే నవ్వు. కాబట్టి హాస్యపు వంతకు సూత్రాలు కథకుడంత బాగా తెలియాలి, వాటిని ఎప్పుడు విరవాలో కూడా తెలియాలి. మేళాల్లో హాస్యం చెప్పేవాణ్ణి రెండో తరగతి కళాకారుడిగా చూడటం ఈ దృష్టితో చూస్తే న్యాయం కాదు.

4. రాయని మాట, రాతను అడిగే చట్టం

హాస్యంతో రాజకీయానికి ఉన్న సంబంధం పాతదే. కూచిపూడి భాగవతుల తొలి ప్రస్తావనగా చరిత్రకారులు తరచు పేర్కొనే మాచుపల్లి కైఫియత్తు ఇందుకు నిదర్శనం. సిద్ధవటం సీమను ఏలుతున్న సమ్మెట గురవరాజు ధనం కోసం స్త్రీలను హింసించడం చూసిన భాగవతులు, విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట దాన్నే కేళికగా ఆడి చూపారనీ, రాయలు సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడనీ ఆ కైఫియత్తు చెబుతుంది. ఇది 16వ శతాబ్ది తొలి దశాబ్దపు వృత్తాంతం. అందులో ఎంత చరిత్ర, ఎంత ఐతిహ్యం అన్న చర్చ అలా ఉంచితే, తెలుగు సమాజం తన మేళాల నుంచి ఏమి ఆశించిందో అది చెబుతుంది. దారిలో కళ్ళబడినదాన్ని తమ ప్రతుల్లో లేకపోయినా రాజు ముందు ఆడగలగాలి.

బ్రిటిష్ పాలన ఈ శక్తిని ఎదుర్కొన్న తీరు మరోలా ఉంది. 1876 ఫిబ్రవరిలో కలకత్తా గ్రేట్ నేషనల్ థియేటర్ 'గజదానంద ఓ యువరాజ్' అనే ప్రహసనం ఆడింది. వేల్స్ యువరాజును తన ఇంటికి ఆహ్వానించి అంతఃపుర స్త్రీలచేత స్వాగతం పలికించిన జగదానంద ముఖర్జీ అనే న్యాయవాదిపై అది వ్యంగ్యం. అదే నెల 29న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరులో అది నాటక ప్రదర్శనల చట్టమైంది. ఈ చట్టానికి కారణంగా మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా 'నీలదర్పణం' గురించి చెబుతాయి. ఆ గంభీర నాటకం వెలువడింది 1860లో. చట్టాన్ని తెచ్చిన తక్షణ కారణం ఒక నవ్వులాట.

ఈ చట్టం భాషను సాహిత్య విద్యార్థులు శ్రద్ధగా చదవాలి. ప్రదర్శన స్వభావం తెలుసుకోవడానికి ప్రభుత్వం ఎవరిని అడగవచ్చో 7వ సెక్షన్ చెబుతుంది: రచయితను, యజమానిని, ముద్రాపకుణ్ణి, ప్రదర్శన జరిగే స్థలం యజమానిని. లైసెన్సు విధించిన ప్రాంతంలో ప్రదర్శనకు కనీసం మూడు రోజుల ముందు నాటకం రాసి ఉన్నంతమేరకు ప్రతిని, మూకాభినయమైనంతమేరకు సారాంశాన్ని సమర్పించాలని ఉత్తరువు ఇవ్వవచ్చని 10వ సెక్షన్ చెబుతుంది. అంటే చట్టం దృష్టిలో నాటకం రెండు రకాలు. రాసిన మాట ఒకటి, మాటలేని అభినయం మరొకటి. రాయని మాట అనే మూడోది ఉంటుందన్న ఊహే ఈ విభజనలో లేదు. కేతిగాడికి రచయిత లేడు, ముద్రాపకుడు లేడు. అతను ఆడే బయలుకు యజమాని ఊరు. మూడు రోజుల ముందు అతని మాట ఇంకా పుట్టనే లేదు.

12వ సెక్షన్ మరింత ఆసక్తికరం. జాత్రలకు, మతోత్సవాలలో జరిగే అటువంటి ప్రదర్శనలకు ఈ చట్టం వర్తించదని అది మినహాయించింది. ప్రజల ఆచారాల్లో జోక్యం చేసుకోకూడదన్న జాగ్రత్త ఇందుకు కారణం కావచ్చు. ఫలితం మాత్రం తెలుగు మేళాలకు ఎంతో అనుకూలమైనది. బొమ్మలాట, భాగవతం, ఒగ్గుకథ ఎక్కువగా జాతరలతో, తిరునాళ్ళతో, వాన కోసం చేసే మొక్కులతో ముడిపడినవే. భద్రాచలం తిరునాళ్ళ వంటి సందర్భం ఈ సెక్షన్ మాటల్లో సులువుగా ఇముడుతుంది. నగరంలో టికెట్టు పెట్టి ఆడే నాటకం రాతప్రతి చూపించవలసిన స్థితిలో ఉండగా, తిరునాళ్ళలో రాత్రంతా మాట్లాడే హాస్యగాడు చట్టానికి వెలుపల ఉన్నాడు. చిన్నచూపు చూసిన కళకు ఆ చిన్నచూపే గొడుగు పట్టిన సందర్భం ఇది.

ఇంగ్లండ్ పరిస్థితిని దీనితో పోల్చి చూడటం ఉపయోగకరం. అక్కడ 1843 నాటి చట్టం కింద నాటకప్రతులను లార్డ్ ఛాంబర్లిన్ కార్యాలయం ముందుగా పరిశీలించేది. 1968లో గానీ ఆ అధికారం పోలేదు. ప్రతి లేని ప్రదర్శనకు అనుమతి దొరకదు కాబట్టి జాన్‌స్టన్ తన తొలి ఆశుప్రదర్శనలను బహిరంగ పాఠాలుగా చూపవలసి వచ్చింది. లండన్ నటుడికి తరగతి గది ఇచ్చిన మినహాయింపు, మన బొమ్మలాటవాడికి జాతర ఇచ్చింది.

1940లలో ఈ వెసులుబాటు చెదిరింది. జంగం కథ నుంచి ఎదిగిన బుర్రకథను ప్రజానాట్యమండలి రాజకీయ వేదిక మీదికి తెచ్చింది. షేక్ నాజర్ వంటి మహాకళాకారుల చేతిలో అది జాతరను వదిలి సభలోకి వచ్చింది, దానితో జాతర ఇచ్చిన రక్షణా పోయింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన 'మా భూమి' నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నాటకాన్ని నిషేధించడం సులువు, దానికి పేరుంది, ప్రతి ఉంది. హాస్యపు వంత మాటను నిషేధించాలంటే మనిషిని ఆపాలి. కళాకారుల అరెస్టులను ఈ కోణంలో కూడా చదవాలని నా అభిప్రాయం. ప్రతి లేని చోట ప్రభుత్వానికి దొరికేది ఒళ్ళు మాత్రమే.

గోదావరికి ఇవతల, నిజాం రాజ్యంలో, ఆంక్షల స్వరూపం వేరు. సభలకు ముందస్తు అనుమతి కోరే గస్తీ నిషాన్ 53 తెలంగాణ ప్రజల జ్ఞాపకంలో 'తిర్పన్'గా నిలిచింది. బ్రిటిష్ చట్టం ప్రతిని అడిగితే, ఈ గస్తీ గుంపునే అనుమానించింది. గుంపు లేనిదే ఆశుహాస్యం పుట్టదు కాబట్టి దెబ్బ మరింత లోతైనది. అయితే ఇంటింటికీ తిరిగి చెప్పే సుద్దులు సభ కావు, గుమ్మం ముందు నిలిచిన పిట్టలదొర వక్త కాడు. తెలంగాణ సాయుధపోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను ఎన్నుకోవడంలో కళాభిరుచితో పాటు ఈ ఎరుక కూడా పనిచేసి ఉండాలి. సుద్దులలో ప్రశ్న వేసేవాడు అమాయకుడు. అమాయకుడి ప్రశ్నకు శిక్ష వేయడం ఏ దొరకైనా నామర్దా.

బూర్గంపాడు వంటి తీరం నుంచి చూస్తే ఈ రెండు విధానాలు పడవ ప్రయాణమంత దూరంలో ఉన్నాయి. అవతల కాగితం ప్రశ్న, ఇవతల గుంపు ప్రశ్న. రాసిన నాటకం పట్టుకొని నది దాటేవాడికి రెండు చోట్లా చిక్కే. మాటను నోట్లోనే మోసుకుపోయే వేషధారి మాత్రం ఏ ఒడ్డున ఏది అనకూడదో ఆ ఒడ్డు చేరాక నిర్ణయించుకోగలడు. సమయస్ఫూర్తి అన్న మాటకు ఇక్కడ అలంకారశాస్త్రం చెప్పని అర్థం ఒకటి వస్తుంది. అది ప్రాణరక్షణ.

1876 చట్టం స్వతంత్ర భారతంలోనూ చాలాకాలం కొనసాగింది. 2017 నాటి రద్దు, సవరణ (రెండవ) చట్టం ద్వారా, 2018 జనవరిలో, అది శాసనగ్రంథం నుంచి తొలగింది.

5. మన సేకరణలో జారిపోయినది

రాసినదాన్నే లెక్కలోకి తీసుకొనే దృష్టి ప్రభుత్వానికి మాత్రమే పరిమితం కాలేదు. జానపద వాఙ్మయ పరిశోధనలోనూ అది వేరే రూపంలో ప్రవేశించింది. బిరుదురాజు రామరాజు 1958లో ప్రచురించిన 'తెలుగు జానపద గేయ సాహిత్యము' మన పరిశోధనకు పునాది. ఆ పేరులోని 'గేయ' శబ్దం తరువాతి తరాల చూపును కూడా నిర్దేశించింది. గేయం మళ్ళీ అడిగితే మళ్ళీ వస్తుంది, కాబట్టి సేకర్త రాసుకోగలిగాడు. హాస్యవచనం మళ్ళీ అడిగితే రాదు. కళాకారుణ్ణి ఇంటి అరుగుమీద కూర్చోబెట్టి 'నిన్న రాత్రి అన్న మాట మళ్ళీ చెప్పు' అంటే అతను ఏం చెబుతాడు? పక్కన వంత లేదు, ఎదుట జనం లేరు. అతను కథ సారాంశం చెబుతాడు, దాన్నే మనం 'పాఠం' అని అచ్చు వేస్తాం. ఆ పాఠంలో హాస్యం పలచగా ఉందని, అసందర్భమని, అశ్లీలమని తరువాత మనమే విమర్శ రాస్తాం.

అశ్లీలం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. కేతిగాడు, బంగారక్కల సంభాషణలోని బూతును వదిలేసి మిగిలినది సేకరించడం సభ్యత కావచ్చు గానీ శాస్త్రం కాదు. బూతు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిస్తేనే ఆ ఊరి ప్రేక్షకులు ఎవరో, స్త్రీలు ఎంత రాత్రి వరకు కూర్చున్నారో, కళాకారుడు హద్దును ఎక్కడ పసిగట్టాడో తెలుస్తుంది. ఆశుహాస్యంలో ప్రేక్షకుడు సగం రచయిత. అతని నవ్వును, దగ్గును, లేచిపోవడాన్ని కూడా ప్రతిలో గుర్తించాలి.

ఇప్పుడున్న పరిస్థితిలో దీనికి తొందర ఉంది. రాత్రంతా సాగే ఆట వేదికమీద పది, పదిహేను నిమిషాలకు కుదించుకుపోతే మొదట తెగేది హాస్యమే. ఎందుకంటే దానికి కథలో 'అవసరం' కనిపించదు. తెలంగాణ సాంస్కృతిక సారథి వంటి సంస్థలు వందలాది కళాకారులకు జీతం, గౌరవం కల్పించాయి. కరువులో మేళం విడిచి కూలికి పోయిన కుటుంబాల చరిత్ర తెలిసినవారెవరూ దీన్ని తక్కువ చేయలేరు. అయితే ప్రభుత్వ పథకాల ప్రచారం కోసం అంశం ముందే నిర్ణయమైన ప్రదర్శనలో హాస్యపు వంత అడగగల ప్రశ్నలు ఎన్ని? 'పదివేలమందికి వంట ఎవరు చేశారు' అనే ప్రశ్నకు అక్కడ ఎంత చోటుంది? కళాకారుడికి కూడు దొరికి, వంతకు నోరు కట్టుబడితే మనం కాపాడినది దేన్ని అన్నది పరిశోధకులు అడగవలసిన ప్రశ్న.

ఇందుకు పరిశోధక విద్యార్థి చేయగలిగిన పని ఒకటుంది. ఒకే మేళం ఒకే కథను మూడు ఊళ్ళలో చెప్పినప్పుడు ఆద్యంతం దృశ్యముద్రణ చేయాలి. మూడింటిలోనూ మారని భాగాలను పక్కన పెట్టి, మారినవాటినే పాఠంగా తీసుకోవాలి. ప్రతి మార్పుకు ముందరి క్షణంలో వంత ఏం చేశాడు, కథకుడు అందుకున్నాడా, తోసేశాడా, జనం ఎటు చూస్తున్నారు అన్నది నమోదు చేయాలి. కథాపాఠాన్ని స్థిరపరచే మన అలవాటుకు ఇది తలకిందుల పద్ధతి.

బూర్గంపాడు మండలం ఇలాంటి అధ్యయనానికి ఇప్పటికీ అనువైనది. 2014లో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టానికి జరిగిన సవరణతో ఈ మండలంలోని సీతారామనగరం, ఇబ్రహీంపేట వంటి గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మండల కేంద్రం తెలంగాణలో ఉండిపోయింది. నిన్నటిదాకా ఒకే సంతకు, ఒకే జాతరకు వచ్చిన ఊళ్ళకు ఇప్పుడు ఇద్దరు ముఖ్యమంత్రులు, రెండు రకాల పింఛన్లు. హాస్యపు వంత 'మన సర్కారు' అని ఒక్క మాట అంటే బూర్గంపాడులో అది ఎవరిని తాకుతుంది, సీతారామనగరంలో ఎవరిని తాకుతుంది, ఆ తాకిడిని చూసి అతను తరువాతి మాట ఎటు తిప్పుతాడు? ఈ రెండు ఊళ్ళలో ఒకే వారంలో జరిగిన ప్రదర్శనలను పోల్చితే, ఆశుహాస్యం ఎలా పుడుతుందో ఊహ మీద ఆధారపడకుండా చెప్పగలుగుతాం.